కరోనా టైంలో సీటీ స్కాన్లు నిజంగా అవసరమయ్యాయా, భయంతో తీయించామా?

పటమట కుర్రాడు:
మొన్న బీరువా సర్దుతుంటే మా అమ్మ సీటీ ఫిలింలు బయటపడ్డాయి, 2021 మే నెలవి, పది రోజుల్లో మూడు స్కాన్లు. అమ్మకి ఆక్సిజన్ ఒక్కరోజు కూడా 96 కిందకి రాలేదు, అయినా జ్వరంతో ఉన్న మనిషిని విజయవాడ సూర్యారావుపేటలో తెల్లారుజామున లైన్లో నిలబెట్టాం. రెండో రోజు తీస్తే ఏమీ లేదన్నారు, ఏడో రోజుకి ఊపిరితిత్తుల్లో మచ్చల స్కోరు 8/25 అన్నారు, ఆ 8 చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చాం, అదే రోజు స్టెరాయిడ్ మొదలుపెట్టారు, అమ్మకి షుగర్ ఉంది, అది 400 దాటింది. జ్వరం తగ్గాక మూడోది తీస్తే 9. మైల్డ్ కేసులకి సీటీ అసలు తీయకుండా ఉండాల్సింది అని నా గట్టి అభిప్రాయం. మీరేమంటారు?

బ్రాడీపేట నాలుగో లైను:
తమ్ముడూ నీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. మా నాన్నకి ఆర్‌టీపీసీఆర్ రెండుసార్లు నెగటివ్ వచ్చింది, కరోనా కాదులే అని ఇంట్లోనే ఉంచి కషాయాలు తాగిస్తూ కూర్చున్నాం, ఆయాసం మొదలయ్యాక ఆసుపత్రికి పోతే పాజిటివ్ కాగితం లేకుండా బెడ్ ఇవ్వమన్నారు. చివరికి గుంటూరు కొత్తపేటలో సీటీ తీస్తే 16/25. ఆ ఫిలిం చూపిస్తేనే ఇంకోచోట చేర్చుకున్నారు. వూహాన్‌లో 2020 మొదట్లో 1,014 మందిని చూస్తే ఆర్‌టీపీసీఆర్ 59 శాతం మందికే పాజిటివ్ వచ్చింది, సీటీలో 88 శాతం మందికి తేడా కనపడింది. ముక్కులో పుల్ల సరిగ్గా తిప్పకపోతే టెస్ట్ నెగటివ్ వస్తది, ఊపిరితిత్తుల్లో ఉన్న మచ్చ ఎక్కడికి పోద్ది?

స్కాన్ సెంటర్లో పనిచేసేవాడిని:
ఆ రోజుల్లో మిషన్ దగ్గర నిలబడ్డవాడిగా చెప్తున్నా, మీ ఇద్దరి అనుభవమూ నిజమే, కానీ 25 అన్న లెక్క ఏంటో జనానికి ఎవరూ చెప్పలేదు. కుడి ఊపిరితిత్తికి మూడు లోబులు, అంటే భాగాలు, ఎడమదానికి రెండు, ఒక్కో లోబులో ఎంత భాగం మచ్చ పట్టిందో చూసి 5 దాకా మార్కులేస్తారు, మొత్తం 25. అంటే మచ్చ ఎంత పరుచుకుందో చెప్తది గానీ మనిషి ఎంత ప్రమాదంలో ఉన్నాడో అదొక్కటే చెప్పదు. 14 ఉన్నాయన నడుచుకుంటూ వచ్చి వెళ్ళాడు, 7 ఉన్నావిడని స్ట్రెచర్ మీద తెచ్చారు. అందుకే ఏ రోజు తీశారన్నది చూడాలి. మొదటి రెండు రోజుల్లో తీస్తే సగం మందికి పైగా ఏమీ కనపడదు, పదో రోజు దాకా మచ్చలు పెరిగి తర్వాత మెల్లగా కరుగుతాయి, కాబట్టి అమ్మగారికి జ్వరం తగ్గినా 9 రావడంలో వింతేం లేదు.
బ్రాడీపేట అన్నా, మీరు చెప్పిన వూహాన్ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది, ఆర్‌టీపీసీఆర్ నెగటివ్ వచ్చినవాళ్ళలో కూడా 75 శాతం మందికి సీటీ పాజిటివే అనిపించింది. కొంతమందిలో టెస్టే తప్పిపోయి ఉండొచ్చు, కానీ వేరే వైరస్ న్యుమోనియాలూ అలాగే కనపడతాయి. అందుకే 2020 మార్చిలోనే అమెరికా రేడియాలజిస్టుల సంఘం (ఏసీఆర్) సీటీని మొదటి టెస్టుగా వాడొద్దంది.

కృష్ణలంక అక్క:
మరి రేడియేషన్ సంగతి? అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ గులేరియా గారు ఒక సీటీ అంటే 300, 400 ఎక్స్‌రేలతో సమానమన్నారు, మన దేశ రేడియాలజిస్టుల సంఘమేమో "కాదు, 5, 10 ఎక్స్‌రేలే" అంది, మా పిల్లకి తీయించి వారం నిద్రపోలేదు నేను.

స్కాన్ సెంటర్లో పనిచేసేవాడిని:
అక్కా, మామూలుగా తీస్తే 5 నుంచి 7 మిల్లీసీవర్టులు (రేడియేషన్ కొలత), లో డోస్‌లో, అంటే రేడియేషన్ తగ్గించి తీస్తే 1, 1.5 దాకా, ఛాతీ ఎక్స్‌రే 0.1 గానీ అంతకంటే తక్కువ గానీ. ఎక్స్‌రేని 0.1 అనుకుంటే 300 అంటే చాలా ఎక్కువే, కానీ లో డోస్ పెట్టకుండా తీసిన చోట 5, 10 అన్నది కూడా సరిపోదు. ఒక్కసారికి భయపడక్కర్లేదు, పది రోజుల్లో మూడు మాత్రం నాకూ నచ్చదు.

బ్రాడీపేట నాలుగో లైను:
సరే, రెండో రోజు తీయడం దండగని ఒప్పుకుంటా. కానీ "అసలు తీయొద్దు" అంటే మా నాన్న లాంటివాళ్ళు పోతారు.

కృష్ణలంక అక్క:
మా వీధి డాక్టరు గారు ఆరు నిమిషాలు నడిపించి ఆక్సీమీటర్ పెట్టేవాడు, నడిచాక 94 కింద పడితేనే సీటీకి రాసేవాడు. స్టెరాయిడ్ కూడా ఆక్సిజన్ అవసరమైతేనే. బ్రిటన్‌లో రికవరీ అనే మందుల ట్రయల్ 2020లోనే తేల్చింది, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళకే మేలు చేసింది, మిగతావాళ్ళకి లాభం లేదు. తమ్ముడూ, మీ అమ్మకి షుగర్ పెంచింది సీటీ కాదు, 96 ఉన్న మనిషికి 8 చూసి మందు రాసినాయన.

పటమట కుర్రాడు:
అక్కా అది నిజమే, ఇన్నాళ్ళూ మిషన్ మీదే కోపం పెట్టుకున్నా. ఇప్పుడు అమ్మకి మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, కొత్త డాక్టరు మళ్ళీ సీటీ అంటున్నాడు, అందుకే ఇక్కడ రాశాను.

స్కాన్ సెంటర్లో పనిచేసేవాడిని:
ఇప్పుడు తీయించు తమ్ముడూ, మచ్చలు కరిగాయా, గట్టిపడి మిగిలాయా అన్నది ఎక్స్‌రేలో సరిగ్గా తెలీదు. గుండె కూడా ఒకసారి చూపించు. లో డోస్ కుదురుతుందా అని అడుగు. పాత ఫిలింలు తప్పకుండా తీసుకెళ్ళు, సీడీ ఉంటే ఇంకా మంచిది, పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తది.

పటమట కుర్రాడు:
మూడు ఫిలింలూ ఉన్నాయన్నా, సీడీ ఒక్కటే దొరకలేదు. రాత్రికి అటక మీద వెతుకుతా.