'నల్లగా' ఉన్నవాళ్ళూ, 'నల్లజాతి' వాళ్ళూ: ఈ మాటలో నా పెన్ను ఆగింది

అందరికీ నమస్కారం. ఒక మాట మూడు రోజులుగా తెగడం లేదు, మీ సాయం కావాలి.

నేను పిల్లల పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను. ఇప్పుడు చేతిలో ఉన్నది హైదరాబాద్ బస్తీల పేర్ల మీద ఒక చిన్న పుస్తకం. అందులో ఒక వాక్యం: "నిజాం కొలువులోని నల్లజాతి సైనికులు ఉన్న చోటే నేటి ఏసీ గార్డ్స్." ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, ఆఫ్రికా వాళ్ళ గుర్రపు దళం. విషయంలో తప్పు లేదు. 'నల్లజాతి' దగ్గర నాకు మనసు ఒప్పుకోలేదు.

ఎందుకో చెప్పాలంటే మా పెదనాన్నగారి అబ్బాయి పెళ్ళి సంగతి చెప్పాలి. మాసబ్ ట్యాంక్ దగ్గర ఫంక్షన్ హాలు. బరాత్‌కి మర్ఫా అనే డప్పుల మేళం మాట్లాడారు. గేటు బయట ఒక కుర్రాడు కాగితాలు మంట వేసి తన డప్పు, అదే దఫ్, కాస్తున్నాడు. కాసేపు కాచి, వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ కాస్తున్నాడు. రింగుల జుట్టు, నల్లటి ఒళ్ళు. మా చిన్నత్త దగ్గరికి వెళ్ళి, సగం ఇంగ్లీషులో, "ఏ దేశం బాబూ మీది? చదువుకోడానికి వచ్చావా?" అంది. అతను దఫ్ మీంచి చూపు తిప్పకుండా, "మాది ఈడనే అమ్మా, ఏసీ గార్డ్స్. మా తాత గూడ ఈడనే పుట్టిండు" అన్నాడు. అత్త మొహం చిన్నబోయింది. పక్కనే మా బాబాయి నిలబడి ఉన్నాడు. ఆ మంట వెలుగులో ఇద్దరి చేతులూ పక్కపక్కనే కనిపించాయి. బాబాయి చెయ్యే ఎక్కువ నలుపు. ఆయన్ని మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఎవరూ "మీది ఏ దేశం" అని అడిగి ఉండరు.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే తోచింది ఇది. మా బాబాయి 'నల్లగా' ఉంటాడు. ఆ కుర్రాడు పుస్తకంలోకి ఎక్కేసరికి 'నల్లజాతి' అయిపోతాడు. 'గా' అంటే మనిషి ఎలా ఉన్నాడో చెప్పడం, అంతే. ఎండకి నల్లగా అయ్యాడంటాం, చలికాలం కాస్త తేరుకున్నాడంటాం. గోపికలు కృష్ణుణ్ణి 'నల్లనివాడు' అని వెతుక్కుంటుంటే ఆయన ఏ జాతి అని పోతన పద్యం విన్నవాళ్ళెవరికీ సందేహం రాదు. 'జాతి' అలా కాదు, పుట్టుక లోంచి వచ్చిన మాట. దాన్ని రంగుకి అతికించగానే ఆ రంగు మనిషి ఒంటి మీంచి లేచి తాత ముత్తాతల మీదికి పోతుంది.

తెలుపు సంగతీ చూడండి. మన ఇళ్ళల్లో పచ్చటి పిల్లని 'ఎర్రగా ఉంది' అంటాం. 'ఎర్రగా బుర్రగా ఉన్నాడు' అంటాం. 'తెల్లవాడు' అన్నామంటే అది దొర. ఎంత తెల్లగా ఉన్నా మన వాణ్ణి ఎవరూ తెల్లవాడు అనరు. కంటికి ఒకే రంగు, వంశాన్ని బట్టి పేరు వేరు. ఏ చట్టమూ చెప్పకుండానే మన నాలుక ఈ లెక్క నేర్చుకుంది.

ఇంకో సంగతి. అదే పుస్తకంలో బార్కస్ గురించి రాసిన పేజీలో 'యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు' అని ఉంది. వాళ్ళూ నిజాం కొలువుకు వచ్చినవాళ్ళే, బార్కస్ అన్న పేరే బ్యారక్స్ నుంచి వచ్చింది. వాళ్ళకేమో ఊరూ దేశం, వీళ్ళకేమో రంగు. ఇది న్యాయంగా అనిపించడం లేదు.

ఏం మాట వెయ్యమంటారు?

---

ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు: బాగా పట్టుకున్నావమ్మా. అయితే మన భాషని మరీ నిందించకు. చామనచాయ లాంటి మాట మన దగ్గర ఉంది కదా. 'చామన' శ్యామలోంచి వచ్చింది. సంస్కృతంలో శ్యామ మబ్బుకీ చెల్లుతుంది, గరికకీ చెల్లుతుంది. నలుపూ తెలుపూ అని రెండు గదులు కట్టి మనుషుల్ని తోసెయ్యకుండా మధ్యలో చోటు పెట్టిన మాట అది. ఇక 'జాతి' అంటావా, తెలుగు జాతి, స్త్రీ జాతి, జాతి రత్నం, ఊళ్ళో 'మా జాతోళ్ళు' అంటే కులం. ఇన్ని మోస్తున్న మాట మీద ఇంగ్లీషు వాడి రేస్‌ని కూడా ఎక్కించాం. దక్షిణాఫ్రికా వార్తలకి 'వర్ణవివక్ష' అని రాసినప్పుడూ అంతే, సగం మందికి చాతుర్వర్ణ్యమే గుర్తొచ్చేది.

నేను: నిజమే మాస్టారూ. చామనచాయ పెళ్ళి ప్రకటనల్లోంచి కూడా మాయమైపోతోంది, అది వేరే బాధ.

డాలస్‌లో కూతురున్న ఒక సభ్యురాలు: మా మనవడికి బడి ఫారంలో రేస్ అని గడి ఉంటే అమ్మాయి ఫోన్ చేసింది. ఆసియన్ అని పెట్టిందట. వాడు వాళ్ళ క్లాసులో నల్లపిల్లల కన్నా నలుపు. మరి రంగు కానప్పుడు ఆ గడిలో అడుగుతున్నది ఏమిటండీ?

నేను: అమెరికా వాళ్ళకే వందేళ్ళు తేలలేదండీ ఇది. 1790 చట్టం 'స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్ళకే' పౌరసత్వం అంది. 1870లో 'ఆఫ్రికాలో పుట్టినవాళ్ళు, ఆఫ్రికా సంతతి' అని చేర్చారు. ఒకరికి రంగు మాట, ఇంకొకరికి వంశం మాట, చట్టం ఒక్కటే. 1922లో ఒజావా అనే జపాన్ ఆయన, నా ఒళ్ళు తెలుపే కదా అని సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. రంగుతో పని లేదు, అప్పటి శాస్త్రం మనుషుల్ని విడదీసిన జాతుల్లో ఒకటైన కాకేసియన్ అయి ఉండాలి అన్నారు. దాదాపు మూడు నెలలకే 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ ఆయన వెళ్ళాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. నేను ఆర్య సంతతి, మీ శాస్త్రం ప్రకారం కాకేసియన్‌నే అన్నాడు. శాస్త్రం కాదు, మామూలు జనం ఎవర్ని తెల్లవాడనుకుంటారో అదే లెక్క అన్నారు. రంగు చూపిస్తే వంశం అడిగారు, వంశం చూపిస్తే జనం అనుకునేది అడిగారు. ఆ తీర్పు తర్వాత, అప్పటికే పౌరులైన మనవాళ్ళకి కూడా పౌరసత్వం పీకేశారు. 1946 దాకా చాలామందికి మళ్ళీ దారి దొరకలేదు. 1970 జనగణనలో మనవాళ్ళని తెల్లవాళ్ళలో కలిపి లెక్క పెట్టారు, 1980లో 'ఏషియన్ ఇండియన్' అని వేరే గడి పెట్టారు. పదేళ్ళలో ఎవరి ఒళ్ళూ మారలేదు కదండీ. మీ మనవడి గడి కూడా అలా వచ్చిందే.

ఉప్పల్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: అక్కా, సైన్స్ ప్రకారం రంగుని బట్టి వంశం చెప్పలేమా?

నేను: చెప్పలేం తమ్ముడూ. ఎండ తీక్షణంగా ఉన్న చోట, ఒంటికి నలుపునిచ్చే మెలనిన్ ఎక్కువ ఉన్న చర్మం నిలదొక్కుకుంటుంది. అందుకే పసిఫిక్ సముద్రంలోని సోలమన్ దీవుల వాళ్ళూ ఆఫ్రికా వాళ్ళూ ఇద్దరూ నలుపే. దగ్గరి చుట్టరికం మాత్రం లేదు. ఒకే ఇంట్లో అక్క ఎరుపు, చెల్లి నలుపు పుట్టడం మనం రోజూ చూసేదే. ఎస్‌ఎల్‌సీ24ఏ5 అని ఒక జన్యువు ఉంది. దానిలో చర్మాన్ని తేటపరిచే రకం యూరప్‌లో దాదాపు అందరికీ ఉంటుంది, మనలోనూ చాలామందికి ఉంది. తల్లిదండ్రుల నుంచి అది ఒకరికి రెండు కాపీలు రావచ్చు, ఒకరికి ఒక్కటీ రాకపోవచ్చు. ఇద్దరికీ తాత ఒక్కడే.

ఇక పేర్ల సంగతి. మాది హబ్సిగూడ. హబ్షీలు ఉన్న చోటు కాబట్టి ఆ పేరని మా వైపు చెప్పుకుంటారు. అరబ్బీలో హబష్ అంటే ఇథియోపియా. అంటే హబ్షీ మొదట్లో బెంగాలీ, పంజాబీ లాంటి మాటే. అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపిన మలిక్ అంబర్ నిజంగా అక్కడ పుట్టినవాడే, 1626లో పోయాడు. తర్వాత్తర్వాత ఆఫ్రికాలో ఏ మూల నుంచి వచ్చినా హబ్షీయే అన్నారు. మా హబ్సిగూడలోనే ఉన్న సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు కర్ణాటక, గుజరాత్‌లలో ఉన్న ఆఫ్రికా సంతతి సిద్దీల మీద చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. వాళ్ళ ఆఫ్రికా పూర్వీకులు బంటూ భాషల వాళ్ళకి దగ్గరివాళ్ళని తేలింది, భారతీయుల వంశమూ గణనీయంగా కలిసి ఉంది. అంటే వాళ్ళ ఆఫ్రికా మూలం ఎక్కువగా హబష్ కాదు. దేశం పేరు కాస్తా చివరికి రంగు పేరయి కూర్చుంది. ఇప్పుడు ఉర్దూలో ఎవర్నైనా హబ్షీ అంటే అది తిట్టు.

విజయనగర్ కాలనీ నుంచి ఒక సభ్యుడు: అవును మేడమ్, హబ్షీ అని మాత్రం పెట్టకండి. నాతో బడిలో చదివిన దోస్తు ఏసీ గార్డ్స్ వాడు. ఆ మాట కోసం గ్రౌండులో రెండుసార్లు కొట్లాట అయింది. వాళ్ళింట్లో సిద్దీ అనే చెప్పుకుంటారు. పిల్లల పుస్తకం కదా, ఆ బస్తీ పిల్లలు కూడా చదువుతారు.

నేను: సరేనండీ, అదే పెడుతున్నా. వాక్యం ఇలా దిద్దాను: "నిజాం కొలువులో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల గుర్రపు దళం ఉండేది. ఆ దళం ఉన్న చోటే ఏసీ గార్డ్స్. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడ ఉంటున్నారు." చివరి ముక్క రచయిత రాయలేదు, నేను కలిపాను. ఆయన్ని అడిగి, ఒప్పుకుంటే రేపు ప్రెస్‌కి పంపుతాను.