గెవేర్ 88 మీద 'ఎస్' ముద్ర ఉంటే ఇప్పటి తూటా వాడవచ్చా?

డల్లాస్_తెలుగు:

నమస్కారం అండి. ఇక్కడ ఒకరు అమ్ముతున్న జర్మన్ రైఫిల్ చూసొచ్చాను, బేరం ఇంకా తెగలేదు. రిసీవర్ (బ్యారెల్ వెనక బోల్టు ఆడే ఇనుప భాగం) రింగు పైన కిరీటం, దాని కింద స్పాండౌ, 1891. ఎడమ పక్క గోథిక్ అక్షరాల్లో 'గెవ్. 88'. రింగు మీదే విడిగా ఒక 'ఎస్'. బ్యారెల్ చుట్టూ పల్చటి రేకు గొట్టం తొడిగి ఉంది. పైనుంచి తూటాలు నొక్కి దింపడానికి గైడ్లు, మ్యాగజైన్ అడుగున రేకు మూత. వెనక సైటు మీద అంకెలు అరబ్బీ లిపిలో ఉన్నాయి. అమ్మేవాడేమో "మొదటి ప్రపంచ యుద్ధపు మౌజర్, 8 ఎంఎం తూటా ఏదైనా పడుతుంది" అంటున్నాడు. ఇది మౌజరేనా? కాల్చవచ్చా? యాంటిక్ కిందకి వస్తుందా?

వాల్‌నట్_కర్ర:

మౌజర్ కాదండి. 1886లో ఫ్రాన్స్ పొగలేని మందుతో లెబెల్ రైఫిల్ తెచ్చేసరికి జర్మనీ హడావుడిగా ఒక కమిషన్‌తో 1888లో తయారు చేయించిన తుపాకి ఇది. అందుకే కమిషన్ రైఫిల్ అంటారు. మ్యాగజైన్ మాన్లిఖర్ పద్ధతి. బోల్టు (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) పిడి చూస్తే చాలు, పోల్చుకోవచ్చు: బోల్టు మూసినప్పుడు పిడి రిసీవర్ వెనక బ్రిడ్జికి ముందు నిలబడుతుంది. అసలు మౌజర్ అయిన గెవేర్ 98లో బ్రిడ్జి వెనక ఉంటుంది, పైగా బోల్టు పొడవునా పెద్ద ఎక్స్‌ట్రాక్టర్ (పెంకును బయటికి లాగే కొక్కెం) పట్టీ కనిపిస్తుంది. 88లో ఆ పట్టీ ఉండదు.

మీరు చెప్పిన ముద్రలు వరసగా చదివితే దాని ప్రయాణం తెలిసిపోతుంది. పుట్టింది స్పాండౌ ప్రభుత్వ కర్మాగారంలో. అప్పట్లో 5 తూటాల క్లిప్పు క్లిప్పుగానే లోపలికి వెళ్లి, ఖాళీ అయ్యాక అడుగు కంతలోంచి రాలిపోయేది. తర్వాత గైడ్లు పెట్టి, అడుగు మూసి, 98 క్లిప్పుతో నింపేలా మార్చినవి 88/05లు. యుద్ధం మొదలయ్యాక ఇదే పని మోటుగా చేసినవి 88/14లు. గైడ్ల అతుకులు దగ్గరగా ఫొటో తీసి పెట్టండి, ఏదో చెబుతాం. అరబ్బీ లిపి అంకెలంటే ఒట్టోమన్ (టర్కీ) సైన్యం చేతికి వెళ్లిందన్నమాట. టర్కీ 1928లో అంకెలు, లిపి మార్చేసింది కాబట్టి సైటు మీద చెక్కింది అంతకు ముందే. 1930ల్లో అక్కడ తిరగచేసిన 88/05/35ల్లో రేకు గొట్టం తీసేశారు. మీదానికి ఉంది కాబట్టి అది ఆ విడతది కాదు.

గాడి_కొలత:

తూటా విషయంలో అమ్మేవాడి మాట అస్సలు నమ్మకండి. 88 పుట్టినప్పుడు దాని గుండు 8.07 మి.మీ., బ్యారెల్ లోపలి మెలిక గాడుల్లో గాడి నుంచి గాడికి 8.10. తర్వాత వచ్చిన ఎస్ తూటా గుండు 8.22. 'ఎస్' ముద్ర ఉందంటే ఎస్ తూటా పట్టేలా చాంబర్‌ని (తూటా కూర్చునే చోటు) సవరించారని మాత్రమే. గాడులు లోతు చేశారని కాదు. 1896 నుంచి లోతైన గాడులతో చేసిన బ్యారెళ్లకి 'జెడ్' ముద్ర వేరే ఉంటుంది. ఏ ముద్ర ఉన్నా కొలిచి చూడాల్సిందే.

ముందు చాంబర్, మ్యాగజైన్ ఖాళీ అని కంటితో చూసుకుని బోల్టు తీసేయండి. బ్యారెల్ లోపల నూనె గుడ్డ ఒకసారి లాగండి. మెత్తటి శుద్ధ సీసం ముక్క, సుమారు 8.5 మి.మీ. లావుది, మూతి వైపు పెట్టి చెక్క సుత్తితో లోపలికి దించి, ఇత్తడి కడ్డీతో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ చాంబర్ వైపు తోయండి. గట్టి సీసం వాడితే ఇరుక్కుపోతుంది. దారిలో ఒకచోట ముక్క ఉన్నట్టుండి వదులైతే అక్కడ బ్యారెల్ ఉబ్బిందని అర్థం, ఆ తుపాకి గోడకే. బయటికొచ్చిన ముక్క మీద గాడుల అచ్చు ఎత్తుగా పడుతుంది. గాడులు నాలుగే కాబట్టి ఎదురెదురు ఎత్తుల్ని మైక్రోమీటర్‌తో నేరుగా కొలవవచ్చు. వెర్నియర్ వద్దు, ఇక్కడ తేడా అంతా 0.1 మి.మీ. దగ్గరే.

డల్లాస్_తెలుగు:

చాలా థాంక్స్ అండి. అమ్మేవాడు ఒప్పుకుంటే అక్కడే కొలిచాం. రెండు జతలూ 8.11 వచ్చాయి. 'జెడ్' ఎక్కడా లేదు. బోల్టు మీద చివరి రెండంకెలు 47, బోల్టు తల మీద 82.

గాడి_కొలత:

8.11 అంటే పాత బ్యారెలే. 8.22 గుండు అందులో దూరాలంటే పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. తూటా పెంకు చీలితే వాయువును పక్కకి మళ్లించే ఏర్పాటు 98లో ఉన్నంత బాగా ఇందులో లేదు, నేరుగా కాల్చేవాడి ముఖం మీదికి వస్తుంది. అమెరికా కంపెనీలు 8×57 (ఈ 8 ఎంఎం) తూటాల్ని 35,000 పీఎస్ఐ (పీడనం కొలత) పరిమితిలో నింపేది ఇలాంటి పాత తుపాకుల భయంతోనే. అయినా వాటి గుండు కూడా 8.22దే. కాబట్టి మీది కాల్చకండి.

బోల్టు తల ఇంకా ముఖ్యం. 88లో అది విడి ముక్క, ఎక్స్‌ట్రాక్టర్ దాంట్లోనే ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు జారి పడిపోవడం మామూలే, ఇంకోదాని నుంచి తెచ్చి పెట్టడమూ మామూలే. తల లేకుండానే బోల్టు లోపలికి వెళ్లి మూసుకుంటుంది, ప్రమాదం అక్కడే. నంబర్లు కలవలేదు కాబట్టి ధర తగ్గించి అడగండి.

వాల్‌నట్_కర్ర:

ఒక్కమాట. రేకు గొట్టానికీ బ్యారెల్‌కీ మధ్య ఖాళీలో తేమ చేరి లోపల తుప్పు పడుతుంది, పైకి కనపడదు. మూతి దగ్గర ఆ సందులో పల్చటి నూనె చుక్కలు వేసి, తుపాకిని మూతి పైకి ఉండేలా ఒక రాత్రి నిలబెట్టండి. తెల్లారి కిందికి ఎర్రటి నూనె దిగితే తుప్పు ఉన్నట్టే. గొట్టం ఊడదీయబోకండి, నొక్కు పడితే దొరకదు. కర్ర మీద ఇసుక కాగితం పెట్టవద్దు, ముద్రలు పోతే మళ్లీ రావు.

చట్టం_చదివేవాడు:

అమెరికా ఫెడరల్ చట్టంలో 1898, అంతకు ముందు తయారైనవి యాంటిక్. రిసీవర్ తేదీయే లెక్క, తర్వాత టర్కీలో ఏం మార్చినా 1891 రిసీవర్ 1891దే. రాష్ట్ర చట్టాలు వేరుగా ఉండొచ్చు, మీ రాష్ట్రంలో చూసుకోండి. ఇండియాకి తీసుకెళ్లి ఊళ్లో గోడకి పెడదామనుకుంటే మాత్రం లెక్క మారుతుంది. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 45లో పాత ఆయుధాలకిచ్చిన మినహాయింపు, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరాని వాటికే. మీదాని బోల్టు కదులుతోంది, బ్యారెల్ తెరిచే ఉంది. అది ఆ మినహాయింపు కిందకి రాదు, లైసెన్సు లేకుండా విమానం ఎక్కించకండి.