పిల్లల నాటక సమాజం: ఆధార్ కాపీలు, వాట్సాప్ గ్రూపు, ఫేస్‌బుక్ పేజీ ఎవరి చేతిలో ఉండాలి?

మూలాపేట మాస్టారు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాను. మా ఇంటి మేడ మీద పిల్లలకు పద్యనాటకం నేర్పుతుంటాను. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా నలభై మంది వరకు వస్తారు. శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున రిహార్సల్. హార్మోనియం ఆయన వేదాయపాలెం నుంచి వస్తాడు. ఏడాదికి ఒకటి రెండు ప్రదర్శనలు టౌన్‌హాల్లోనో, ఏదైనా గుడి ఉత్సవాల్లోనో వేస్తాం. పరిషత్తు పోటీలకు కూడా పోతుంటాం. మా సంస్థంటే ఇంతే. ఆఫీసు లేదు, గుమాస్తా లేడు, రిజిస్ట్రేషన్ కాగితం ఒకటి మాత్రం ఉంది.

మొన్న తల్లిదండ్రుల సమావేశంలో బ్యాంకులో పనిచేసే ఒక తండ్రి లేచి, "మాస్టారూ, మా పాప ఆధార్ ఇప్పుడు ఎంతమంది ఫోన్లలో ఉంది?" అని అడిగాడు. ఎవరూ నోరు మెదపలేదు. సంగతేమంటే, బాలల విభాగానికి వయసు హద్దు ఉంటుంది కాబట్టి పోటీలు పెట్టేవాళ్లు పుట్టినతేదీకి రుజువు అడుగుతారు. "అందరూ ఆధార్ పంపండి" అని గ్రూపులో ఒక మాట పడగానే తల్లులు వరసగా ఫొటోలు పెట్టేస్తారు. ఆ గ్రూపులో తల్లి, తండ్రి, కొందరి అమ్మమ్మలు, మేకప్ ఆయన, కొలతల కోసం చేర్చిన డ్రస్సుల అద్దె షాపు కుర్రాడు కూడా ఉన్నారు. ఆ కుర్రాడు ఫోను మారిస్తే పాత ఫోను ఎవరికి అమ్మాడో మనకేం తెలుసు?

ఇంకో సంగతి. మా జిల్లాలోనే వేరే ఊళ్లో పిల్లలకు డాన్సు నేర్పే ఒకామె వాట్సాప్‌ను ఎవరో లాగేసుకున్నారు. ఆమె పేరుతోనే, ఆమె ఫొటోతోనే తల్లిదండ్రులకు మెసేజ్ వెళ్లింది: "డ్రస్సుల అద్దె 1,800 రేపటికల్లా కట్టాలి, నా ఫోన్‌పే పనిచేయడం లేదు, ఈ నంబరుకు వేయండి." కొందరు వేసేశారు. వార్షికోత్సవం ముందు వారం కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. డబ్బు కంటే ఆమెకు ఎక్కువ బాధ ఏమంటే, రెండు కుటుంబాలు పిల్లల్ని మాన్పించాయి.

మా ఫేస్‌బుక్ పేజీ మా పాత శిష్యుడొకడు పెట్టింది. వాడిప్పుడు బెంగళూరులో ఉన్నాడు. మంచివాడే, కానీ పేజీ తాళం వాడొక్కడి దగ్గరే ఉంది. జీమెయిల్ అకౌంటుకు ఇచ్చిన ఫోన్ నంబరు మా పాత కోశాధికారిది. ఆయన ఆ సిమ్ వాడటం మానేసి చాన్నాళ్లయింది.

ఏం చేయాలో వరసగా చెప్పండి. నాకు ఛందస్సు తెలుసు, సెట్టింగులు తెలియవు. దయచేసి ఇంగ్లీషు ముక్కలు గుప్పించకండి.

నెట్‌సెంటర్ ఒంగోలు

మాస్టారూ, ముందు ఒక్క మాట. పోటీల ఆహ్వానమనో, పెళ్లిపత్రికనో, చలానా అనో వాట్సాప్‌లో ఫైలు వస్తే దాని పేరు చివర ఏముందో చూడమనండి. చివర ఏపీకే అని ఉంటే అది పత్రిక కాదు, ఫోనులో కూర్చునే యాప్. నొక్కి ఇన్‌స్టాల్ చేసి, అడిగిన పర్మిషన్లన్నీ ఇచ్చేస్తే మీకొచ్చే ఓటీపీలు వాడు కూడా చదువుతాడు. మా షాపుకి ఈ బాపతు ఫోన్లు తెచ్చేవాళ్లు ఎక్కువైపోయారు. పత్రికంటే ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, అంతే.

కావలోణ్ణి, ఇప్పుడు చెన్నైలో

మాస్టారూ, నమస్కారం. చిన్నప్పుడు ప్రహ్లాదుడి వేషం కట్టినవాణ్ణే. ఇప్పుడు ఒక కంపెనీలో సైబర్ సెక్యూరిటీ పని చేస్తున్నాను. మా ఆఫీసులో ఈ పనికి ఒక టీమే ఉంది. మీ దగ్గర ఉన్నది మీ ఫోను, మీ మాట మీద నమ్మకం. దొంగకు కావలసింది కూడా ఆ నమ్మకమే. "మాస్టారు అడిగారు" అంటే నెల్లూరులో ఏ తల్లీ ఎదురు ప్రశ్న వేయదు. కాబట్టి కంప్యూటర్ల సంగతి పక్కన పెట్టి, మీ పేరు ఇంకొకడు వాడుకోకుండా చేయడం నుంచి మొదలుపెడదాం.

ఈ రోజే చేయాల్సింది ఒకటుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ అని ఉంటుంది, అందులో టూ-స్టెప్ వెరిఫికేషన్. అక్కడ ఆరంకెల పిన్ పెట్టుకోండి. పుట్టిన సంవత్సరం వద్దు. ఇది ఉంటే ఎస్సెమ్మెస్‌లో వచ్చే కోడ్ ఎవరి చేతికైనా చిక్కినా వాడు లోపలికి రాలేడు. అదే దొంగ ముందుగా వచ్చి తన పిన్ పెట్టేసుకుంటే, మీరు మళ్లీ మీ నంబరుతో రిజిస్టర్ చేసి వాణ్ణి బయటకు తోయొచ్చు కానీ, ఆ పిన్ తెలియక మీ అకౌంటు తెరవడానికి ఏడు రోజులు కాచుకోవాలి. వార్షికోత్సవం ముందు ఆ ఏడు రోజులంటే ఏందో మీకు నేను చెప్పక్కర్లేదు. వాట్సాప్‌లోనే లింక్డ్ డివైసెస్ అని ఉంటుంది, మీ వాట్సాప్‌ను ఏ కంప్యూటర్లకు కలిపారో చూపిస్తుంది. అందులో మీది కాని కంప్యూటర్ కనిపిస్తే లాగౌట్ కొట్టేయండి.

కొరియర్ అబ్బాయినంటూ ఫోన్ చేసి, "పార్సిల్ దొరకాలంటే ఈ నంబరు నొక్కండి" అని *401* తోనో *21* తోనో మొదలయ్యే నంబరు చెప్తారు. నొక్కితే మీ కాల్స్ వాడికి పోతాయి. వాట్సాప్ కోడ్ ఫోన్ కాల్‌గా కూడా చెప్తుంది కాబట్టి వాడికి అది చాలు. పొరపాటున ఎవరైనా నొక్కి ఉంటే ##002# డయల్ చేస్తే ఫార్వర్డింగులన్నీ రద్దవుతాయి.

డబ్బు సంగతి. ఫీజుకు ఒకే క్యూఆర్ పెట్టండి, అది మేడ మీద గోడకు అంటించండి. ఆదివారం రిహార్సల్‌కు ముందు దాని మీద ఇంకో కాగితం అంటించలేదు కదా అని ఒకసారి చూడండి. నంబరు మారిందనో, అర్జెంటనో మెసేజ్ వస్తే ఎవరూ డబ్బు వేయొద్దని తల్లిదండ్రులకు ఎదురుగా చెప్పండి, గ్రూపులో కాదు. ఫోన్ చేసి గొంతు వింటే చాలదా అంటారేమో. ఇప్పుడు గొంతులు కూడా కంప్యూటర్‌తో తయారు చేస్తున్నారు. మీకైతే తేలికైన దారి ఉంది: "పోయిన ఆదివారం మావాడు ఏ పద్యం దగ్గర ఆగాడు మాస్టారూ?" అని అడగమనండి. ఏ దొంగా చెప్పలేడు.

ఇక ఆధార్. మీరు దాచుకోవాల్సిన అవసరమే లేదు. పోటీ నిర్వాహకులకు ఫోన్ చేసి, స్కూలు హెడ్మాస్టరు ఇచ్చే పుట్టినతేదీ ధ్రువపత్రం చాలునా అని అడగండి. చాలామంది చాలంటారు. ఆధారే కావాలని పట్టుబడితే, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటులో మాస్క్డ్ ఆధార్ దొరుకుతుంది. అందులో మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు, చివరి నాలుగే ఉంటాయి. గ్రూపులో కాకుండా నేరుగా ఒక్కరికే పంపమనండి, పోటీ అయ్యాక చెరిపేయండి. గ్రూపులో ఈమధ్యే పెట్టినవాటిని అడ్మిన్‌గా మీరు అందరికీ డిలీట్ కొట్టొచ్చు, కానీ పాతవి, గ్యాలరీలో దిగినవి అక్కడే ఉంటాయి. వాటిని ఎవరి ఫోనులో వాళ్లు తీసేయాలి, గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కినవి కూడా. డ్రస్సుల కుర్రాణ్ణి గ్రూపులోంచి తీసేయండి. కొలతల కోసం ఒక కాగితం చాలు.

జీమెయిల్: ఆ పాత సిమ్ రీచార్జి లేకుండా పడి ఉంటే ఆ నంబరు కొన్నాళ్లకు ఇంకొకరికి ఇస్తారు. ఆ ఇంకొకరికి మీ అకౌంటు రికవరీ కోడ్ వెళ్తుంది. ఈ వారంలోనే నంబరు మార్చండి. అక్కడా టూ-స్టెప్ వెరిఫికేషన్ పెడితే, ఫోను చేతిలో లేనప్పుడు వాడుకోవడానికి బ్యాకప్ కోడ్‌లు పది వస్తాయి, కాగితం మీద ప్రింటు తీసి బీరువాలో పెట్టండి. ఫేస్‌బుక్ పేజీకి కనీసం ఇద్దరికి పూర్తి అధికారం ఉండాలి, ఇద్దరికీ టూ-ఫ్యాక్టర్, అంటే పాస్‌వర్డ్ తరవాత ఇంకో కోడ్ కూడా అడిగే తాళం ఉండాలి. "మీ పేజీ కాపీరైట్ ఉల్లంఘించింది, 24 గంటల్లో మూసేస్తాం" అని మెసెంజర్‌లో వచ్చే లింకులతోనే చిన్న చిన్న పేజీలు చాలా పోయాయి. పాటలు, పద్యాలు పెట్టే మనకు అది చూడగానే గుండె గుభేలుమంటుంది. వాడికి కావలసింది అదే.

పాత హార్మోనియం (ఒంగోలు)

అంతా బాగానే ఉంది గానీ అబ్బాయీ, ఇట్టా ఒక్కొక్కదానికీ తాళం వేస్తే నాటకం ఎవడు చూస్తాడు? పిల్లాడి ఫొటో ఫేస్‌బుక్‌లో పడితేనే తాత వెయ్యి రూపాయలు చందా ఇచ్చేది. కరపత్రంలో పేరు లేకపోతే తల్లి అలుగుతుంది. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా, పద్యనాటకానికి ప్రేక్షకుడి కరువే అసలు ప్రమాదం. ఆ హ్యాకరెవడో మన టౌన్‌హాల్ దాకా వస్తే ముందు వాణ్ణి కూర్చోబెట్టి నాటకం చూపిస్తాను.

ఇద్దరు ఆడపిల్లల అమ్మ

పెద్దాయన మాటలో న్యాయం లేకపోలేదు. మా పెద్దది సత్యభామ వేషం వేసినప్పుడు నేనే అందరికీ ఫార్వర్డ్ చేశాను. కానీ మీరు చూడనిది ఒకటుంది. పోస్టరు మీద పిల్ల పేరు, తరగతి, స్కూలు పేరు, కింద "ప్రతి ఆదివారం ఉదయం 9 నుంచి ఫలానా వీధిలో శిక్షణ" అని ఉంటుంది. ఆ పోస్టరు ఫేస్‌బుక్‌లో పబ్లిక్‌గా పెడతారు. మా పాప ఏ వీధిలో ఎన్ని గంటలకు ఒంటరిగా సైకిల్ దిగుతుందో ఎవరైనా చదువుకోవచ్చు. ఇది కంప్యూటర్ తెలిసిన దొంగ చేయాల్సిన పని కూడా కాదు.

ఫొటో వద్దనను. గ్రూపు ఫొటో వేషాలతో పెట్టండి. కిరీటం, భుజకీర్తులు, నీలం రంగు వేశాక కన్నతల్లే ఒక క్షణం తడబడుతుంది. పేర్లు మాత్రం టౌన్‌హాల్లో పంచే కరపత్రంలో వేయండి. నెట్‌లో "మా బాలనటులు" అంటే చాలదూ?

ఇంకోటి, ఇష్టం లేకపోయినా చెప్పుకోవాలి. ఆడపిల్లల ఫొటోల ముఖాలు మార్చి పాడు పనులు చేసేవాళ్లున్నారు. అలాంటిది కంటపడితే స్క్రీన్‌షాట్ తీసి పది మందికి పంచడం కూడా నేరమే, ఐటీ చట్టం 67బి సెక్షన్ కిందకి వస్తుంది. లింకు మాత్రం రాసుకుని, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టాలి. అక్కడ ఆడవాళ్లకు, పిల్లలకు సంబంధించినవి విడిగా ఉంటాయి, పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు.

కావలోణ్ణి, ఇప్పుడు చెన్నైలో

అక్కా, పోస్టరు సంగతి నాకు తట్టలేదు. నా జవాబు కంటే అదే ముఖ్యం.

హార్మోనియం పెద్దాయనకు: చందా ఇచ్చే తాతకు ఫొటో నేరుగా పంపండి, ఆయనకే మర్యాదగా ఉంటుంది.

చట్టం గురించి ఎవరైనా అడిగేలోపే చెప్తాను. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. అసలు బాధ్యతలు పద్దెనిమిది నెలల గడువు తరవాత, అంటే 2027లో మొదలవుతాయి. 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, అది నిజంగా వాళ్లదేనని తేలాలి. పిల్లల విషయంలో తప్పితే జరిమానా 200 కోట్ల దాకా ఉంది. భయపడకండి, అది గరిష్ఠం, పెద్ద కంపెనీలను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఇందులో మనకు పనికొచ్చే సంగతి వేరే ఉంది: ఈ చట్టం డిజిటల్‌గా ఉన్న సమాచారానికే. పిల్లల పేర్లు, పుట్టినతేదీలు, తల్లి ఫోన్ నంబరు ఒక రూళ్ల పుస్తకంలో రాసుకుని, ఫొటో తీయకుండా, టైపు చేయకుండా బీరువాలో పెడితే అది దీని పరిధిలోకే రాదు. నలభై మంది పిల్లలకు పుస్తకం హాయిగా సరిపోతుంది. నా ఉద్యోగానికి ఈ మాట వ్యతిరేకమే అనుకోండి.

డబ్బు పోయినవాళ్లకు: వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. వాడు ఆ డబ్బును ఇంకో అకౌంటుకు తోసేలోపు ఆపగలిగితేనే ఉపయోగం. "రేపు పొద్దున పోలీస్ స్టేషన్‌కి పోదాంలే" అనుకుంటే సగం ఆశ అక్కడే పోతుంది.

మూలాపేట మాస్టారు (నెల్లూరు)

అందరికీ కృతజ్ఞతలు. పిన్ పెట్టాను, మనవరాలు పక్కన కూర్చుని చూపించింది. లింక్డ్ డివైసెస్‌లో ఒక కంప్యూటర్ కనిపించింది. అది మా అల్లుడిదేనట, ఎప్పుడో ప్రింటు తీయడానికి కలిపాడు. అయినా తీసేశాం. బెంగళూరు శిష్యుడికి ఫోన్ చేస్తే, "నేనే చెప్దామనుకుంటున్నా సార్" అని పేజీలో నన్నూ, మా వేదాయపాలెం హార్మోనియం ఆయన కూతుర్నీ చేర్చాడు. ఆ అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. జీమెయిల్ నంబరు మాత్రం ఇంకా మారలేదు. పాత కోశాధికారి గారు ఆ సిమ్ ఎక్కడ పెట్టారో వెతుకుతున్నారు.

పుస్తకం మాట నాకు బాగా నచ్చింది. గ్రూపులో ఇకమీదట అడ్మిన్లే రాస్తారు, తల్లిదండ్రులు చెప్పాల్సింది నాకు విడిగా చెప్తారు. ఆదివారం అందరికీ ఇవ్వడానికి ఒక చీటీ రాశాను, చూసి తప్పులుంటే దిద్దండి:

"మా అబ్బాయి/అమ్మాయి వేషధారణతో ఉన్న సామూహిక ఫొటోలు, పేరు లేకుండా, సమాజం ఫేస్‌బుక్ పేజీలో పెట్టడానికి నాకు సమ్మతమే / సమ్మతం కాదు. సమ్మతం కాకపోయినా వేషం ఇవ్వడంలో తేడా ఉండదు. ఫీజు గోడ మీది క్యూఆర్‌కే కడతాను. వేరే నంబరు నుంచి గానీ, మాస్టారి నంబరు నుంచే గానీ డబ్బు అడుగుతూ మెసేజ్ వస్తే ముందు ఫోన్ చేసి పద్యం అడుగుతాను. సంతకం, ఆధార్ చివరి నాలుగంకెలు."

ఇద్దరు ఆడపిల్లల అమ్మ

చీటీ బాగుంది మాస్టారూ. "తేడా ఉండదు" అన్న వాక్యం ఉండి తీరాల్సిందే. కానీ చివర మళ్లీ ఆధార్ ఎందుకండీ? సంతకం, తేదీ చాలు.

మూలాపేట మాస్టారు (నెల్లూరు)

తీసేశానమ్మా.