బ్రిటిష్ సామ్రాజ్యం నడుం విరిగింది సూయజ్‌లోనా, అంతకు ముందేనా?

లంగరు (చర్చ మొదలుపెట్టినవారు)

బ్రిటిష్ సామ్రాజ్యం ఎప్పుడు ముగిసింది అంటే మనలో ఎక్కువమంది 1947 అంటారు. నేను ఒప్పుకోను. భారతదేశం చేజారాక కూడా మలయా, గోల్డ్ కోస్ట్ (నేటి ఘనా), కెన్యా, ఏడెన్ (నేటి యెమెన్‌లోని రేవు), సైప్రస్ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. అసలు దెబ్బ 1956లో ఈజిప్టులో తగిలింది.

ఆ ఏడు జూలై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువ కంపెనీని జాతీయం చేశాడు. బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ లోపాయికారీగా ఒప్పందం చేసుకున్నాయి. అక్టోబర్ 29న ఇజ్రాయెల్ సినాయ్‌లోకి దిగింది. నవంబర్ 5న బ్రిటిష్, ఫ్రెంచ్ పారాట్రూపులు, 6న ఓడల మీద వచ్చిన సేన పోర్ట్ సయీద్‌లో దిగాయి. దిగిన రోజే అర్ధరాత్రికి కాల్పులు ఆపేశారు. రణరంగంలో ఓడి కాదు, పౌండు ఓడిపోతుందని.

అంకెలు చూడండి. బ్రిటన్ బంగారం, డాలర్ నిల్వలు సెప్టెంబర్‌లో 5.7 కోట్ల డాలర్లు తగ్గాయి. అక్టోబర్‌లో 8.4 కోట్లు. నవంబర్ ఒక్క నెలలో 27.9 కోట్లు. పౌండుకు 2.80 డాలర్ల రేటు నిలబెట్టాలంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) సొమ్ము కావాలి. సేనలు వెనక్కి వస్తే తప్ప కుదరదని అమెరికా అడ్డంగా నిలబడింది. ఫ్రాన్స్ మాత్రం అక్టోబర్‌లోనే ఐఎంఎఫ్ దగ్గర 26.25 కోట్ల డాలర్లకు ముందస్తు ఏర్పాటు చేసుకుని బరిలోకి దిగింది. బ్రిటన్ ఆ పని చేయలేదు. వైదొలుగుతామని డిసెంబర్ 3న ప్రకటించాకే, వారం తిరక్కుండా 130 కోట్ల డాలర్లకు దారి దొరికింది. అందులో 56.1 కోట్లు వెంటనే, మిగతాది అవసరమైతే వాడుకోవడానికి. జనవరిలో ప్రధాని ఈడెన్ రాజీనామా చేశాడు.

తన యుద్ధాన్ని తానే ముగించుకోలేని దేశాన్ని సామ్రాజ్యం అనలేం.

జమాఖర్చు

లంగరు గారూ, మీ అంకెలు సరైనవే. కానీ సూయజ్ నాటికి రోగం ముదిరిపోయింది, అది పుట్టిన చోటు వేరు. బ్రిటిష్ సామ్రాజ్యం ఎలా పెరిగిందో చూస్తేనే ఎలా కుంగిందో తెలుస్తుంది. సేనను ఎవరు పోషించారు అన్న ఒక్క ప్రశ్న వేసుకోండి.

మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. 1800 అక్టోబర్ ఒప్పందంలో నిజాం బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. 1928లో రాయలసీమ అని పేరు మార్చుకున్న దత్తమండలాలు ఇవే. ఎందుకిచ్చాడు? కంపెనీ తన రాజ్యంలో నిలిపే సైన్య సహకార దళం ఖర్చు కోసం. ఆ దళాన్ని 8 సిపాయి పటాలాలకు, 2 అశ్వికదళ రెజిమెంట్లకు పెంచారు. ఏటా నగదు అడిగితే బకాయిలు పడతాయి, గొడవలొస్తాయి. అందుకే శిస్తు వచ్చే భూమినే తీసుకున్నారు. సేన కంపెనీది, కూడు రైతుది. లండన్ ఖజానా నుంచి కాసు కదల్లేదు.

ఇదే పద్ధతి తర్వాత సముద్రం దాటింది. 1882లో బ్రిటన్ ఈజిప్టును ఆక్రమించినప్పుడు తెల్ ఎల్ కబీర్ పోరులో భారత పటాలాలు ఉన్నాయి, ఆ ఖర్చులో కొంత భారత ఖజానా మీదే పడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఫిబ్రవరిలో కాలువను తుర్కుల నుంచి కాపాడినవాళ్లలోనూ మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1917లో భారత ప్రభుత్వం 10 కోట్ల పౌండ్లు యుద్ధ కానుకగా బ్రిటన్‌కు సమర్పించింది.

ఇక 1939కి రండి. ఆ నవంబర్‌లో కుదిరిన రక్షణ వ్యయ ఒప్పందం ఈ లెక్కను తిరగేసింది. భారత సైన్యం మామూలు రోజుల ఖర్చు, దేశ రక్షణ ఖర్చు భారత్ భరిస్తుంది. దేశం బయట పోరాడే సేన ఖర్చు బ్రిటన్ భరించాలి. యుద్ధం ముగిసేసరికి 25 లక్షల మంది భారత సైన్యంలో ఉన్నారు. ఆ బిల్లును బ్రిటన్ అప్పటికప్పుడు చెల్లించలేదు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో రిజర్వ్ బ్యాంక్ పేరిట పౌండ్లు జమ చేసింది. ఆ జమను హామీగా చూపి రిజర్వ్ బ్యాంక్ ఇక్కడ నోట్లు అచ్చేసి గుడ్డ, ధాన్యం, జనపనార అమ్మినవాళ్లకు ఇచ్చింది. సరుకు ఓడలెక్కి పోయింది, నోట్లు బజారులో మిగిలాయి. యుద్ధకాలంలో చలామణీ ఆరు రెట్లకు పైగా పెరిగితే ధరలు పెరగవా? 1943 బెంగాల్ కరువులో ఈ ద్రవ్యోల్బణం పాత్ర చిన్నది కాదు.

యుద్ధానికి ముందు భారత్ బ్రిటన్‌కు సుమారు 35 కోట్ల పౌండ్లు బాకీ. యుద్ధం ముగిసేసరికి ఆ బాకీ దాదాపుగా తీరిపోవడమే కాదు, బ్రిటనే భారత్‌కు సుమారు 130 కోట్ల పౌండ్లు బాకీ పడింది. పాలించేవాడు పాలితుడికి రుణగ్రస్తుడయ్యాడు. నడుం విరిగింది అక్కడ.

విశాఖతీరం

ఇద్దరూ ఖాతా పుస్తకాలే చూస్తున్నారు. అప్పు ఉన్నంత మాత్రాన ఎవరూ రాజ్యం వదులుకోరు. వదులుకోక తప్పని స్థితి తెచ్చింది జనం.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. రక్షిస్తామని చెప్పి పన్నులు వసూలు చేసినవాళ్లు తీరాన్ని కాపాడలేకపోయారని జనం కళ్లారా చూశారు. ఆగస్టులో క్విట్ ఇండియా. 1945 నవంబర్ నుంచి ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ విచారణలు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ నావికా కేంద్రంలో తిండి, తిట్ల మీద మొదలైన సమ్మె కరాచీ, మద్రాసు, విశాఖపట్నం దాకా పాకింది. 78 ఓడలు, 20 తీర కేంద్రాలు, సుమారు 20,000 మంది నావికులు. ఇది చూసే అధికార బదిలీ గురించి మాట్లాడటానికి బ్రిటిష్ మంత్రుల కేబినెట్ మిషన్‌ను పంపారు. ఆయుధం పట్టిన చేయి మాట విననప్పుడు అప్పు ఎంతుంటే ఏం, లేకపోతే ఏం?

పాతదస్త్రం

ఒక సవరణ. కేబినెట్ మిషన్ ప్రకటన ఫిబ్రవరి 19న వచ్చింది, అంటే సమ్మె మొదలైన మర్నాడు. అందుకే రెండింటినీ ముడిపెడతారు. కానీ పంపాలన్న నిర్ణయం జనవరిలోనే అయింది. నావికుల సమ్మె కారణమని చెప్పడం తేదీలకు పొసగదు. ఎర్రకోట విచారణల తర్వాత సైన్యం మీద నమ్మకం సడలిందన్న మీ మాట మాత్రం నిలుస్తుంది. అదే సమయంలో ఐసీఎస్ (ఉన్నతాధికారుల సర్వీసు)లో ఆంగ్లేయుల వాటా సగానికి తగ్గిపోయింది, యుద్ధంలో కొత్త నియామకాలు ఆగిపోయాయి. జిల్లాలు నడపడానికే మనుషుల్లేరు.

ఇంకొకటి, ఈ చర్చలో ఇంకా ఎవరూ అనకపోయినా తరచుగా వినిపించేది: "అమెరికా అప్పిస్తూ వలసలు వదలమని షరతు పెట్టింది" అని. 1945 డిసెంబర్ ఒప్పందం 375 కోట్ల డాలర్లకు, 2 శాతం వడ్డీకి. చివరి వాయిదా 2006 డిసెంబర్‌లో కట్టారు. అందులోని గట్టి షరతు వలసల గురించి కాదు, పౌండును డాలర్లలోకి స్వేచ్ఛగా మార్చుకోనివ్వాలని. 1947 జూలై 15న ఆ తలుపు తెరిచారు. పౌండ్లు ఉన్న దేశాలన్నీ డాలర్ల కోసం ఎగబడ్డాయి. ఆగస్టు 20న మూసేశారు. మన ఆగస్టు 15 సరిగ్గా ఈ ఐదు వారాల నడుమ పడింది. అధికార బదిలీ తేదీ జూన్‌లోనే ఖాయమైంది కాబట్టి ఇది కారణం కాదు గానీ, వెళ్లిపోయేవాళ్ల ఖజానా ఎలా ఉందో చూపిస్తుంది.

లంగరు

జమాఖర్చు గారూ, 1882తో పోలిక నాకు నచ్చింది, నిజానికి అది నా వాదనకే బలం. 1956లో సేన ఎందుకు అంత ఆలస్యమైందో చూడండి. సైప్రస్ దగ్గరే ఉన్నా పెద్ద దాడి ఓడలకు తగిన లోతైన రేవు లేదు. అందుకని మాల్టా నుంచి బయల్దేరాలి, అక్కణ్ణుంచి పోర్ట్ సయీద్‌కు ఆరు రోజులు. ఆ లోపు ఈజిప్టు 40కి పైగా ఓడలను కాలువలో ముంచేసింది, సిరియాలో చమురు పైపులైన్ పంపు కేంద్రాలు పేల్చేశారు. కాలువను కాపాడతామని వెళ్లి కాలువే మూతపడేలా చేసుకున్నారు. డిసెంబర్ 17 నుంచి బ్రిటన్‌లో పెట్రోలు రేషన్. బొంబాయి నుంచి పటాలాలు తెప్పించుకునే రోజులు పోయాయని తేలింది ఇక్కడే కదా?

జమాఖర్చు

తేలింది అక్కడే. జరిగింది ముందు. సూయజ్ తర్వాత కూడా వాళ్లు 1958లో జోర్డాన్‌కు, 1961లో కువైట్‌కు సేన పంపారు. 1967 నవంబర్ దాకా ఏడెన్‌లో ఉన్నారు. అదే నెలలో పౌండును 2.80 నుంచి 2.40 డాలర్లకు తగ్గించాల్సి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండా సూయజ్‌కు తూర్పున ఉన్న స్థావరాలు 1971 చివరికల్లా ఖాళీ చేస్తామని ప్రధాని విల్సన్ ప్రకటించాడు. మళ్లీ సైన్యం బిల్లే.

జనం పాత్ర ఏమిటన్న విశాఖతీరం గారి ప్రశ్నకు మాత్రం నా మొదటి పోస్టులో జవాబు లేదు. 1917లో కానుకగా 10 కోట్ల పౌండ్లు తీసుకున్నవాళ్లు 1939లో తామే కడతామని ఎందుకు ఒప్పుకున్నారు? అప్పటికే 1937 ఎన్నికలు జరిగాయి, మద్రాసుతో సహా ఎన్నో రాష్ట్రాల్లో కాంగ్రెస్ ప్రభుత్వాలు నడిచాయి, యుద్ధ ప్రకటన మీద రాజీనామా చేసి వెళ్లాయి. పరాయి యుద్ధానికి ఇక్కడి రైతు మీద పన్ను వేస్తే దేశం మండిపోతుందని వాళ్లకు తెలుసు. ఆ ఒప్పందం రాసింది అధికారులే అయినా, రాయించింది జనమే. ఈ సంగతి ఒప్పుకుంటాను.

విశాఖతీరం

నేను అడిగిందీ అదే. అయితే ఆ 130 కోట్ల పౌండ్ల సంగతి కూడా చెప్పండి, అందులో మనకు చేతికొచ్చిందెంత?

పాతదస్త్రం

1947 ఆగస్టు నాటికి 116 కోట్ల పౌండ్లు మిగిలాయి. వెంటనే వాడుకోనిచ్చింది 6.5 కోట్లు మాత్రమే, మిగతాది రెండో ఖాతాలో బిగించారు. 1948 జూలై ఒప్పందంలో, వదిలి వెళ్లిన సైనిక సామగ్రికి 10 కోట్లు కోసుకున్నారు. ఇక్కడ పనిచేసి వెళ్లిన బ్రిటిష్ అధికారుల పెన్షన్ల కోసం మరో 16.8 కోట్లు.