అప్‌డేట్: మే నెలలో బైక్‌పై లేహ్, మనాలి దారా, శ్రీనగర్ దారా?

మే నెలలో బైక్‌పై లేహ్ వెళ్లాలంటే మంచు వల్ల ఏ దారి మూసి ఉంటుందో అని ఇక్కడ అడిగాను కదా, క్షేమంగా తిరిగొచ్చాం. జవాబులిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

“శ్రీనగర్ నుంచి ఎక్కండి, మనాలి మీదుగా దిగండి” అన్న సలహానే పనికొచ్చింది. మేం బయల్దేరేనాటికి మనాలి దారిలోని బారాలాచా లా (లా అంటే కనుమ) ఇంకా తెరవలేదు, శ్రీనగర్ దారిలోని జోజి లా మాత్రం తెరిచారు. అక్కడ రోడ్డుకి రెండు పక్కలా మనిషిని మించిన మంచు గోడలు, కింద చక్రం సగం దిగే బురద. బండ్లను ఒకసారి ఒక వైపు నుంచే వదులుతున్నారు, కాబట్టి జోజి లాకి ముందు వచ్చే సోనామార్గ్‌లో రాత్రి ఆగి తెల్లారే లైన్లో ఉండటం మంచిది. కార్గిల్‌లో ఇంకో రాత్రి ఆగడంతో ఎత్తుకి ఒళ్లు అలవాటు పడింది, తలనొప్పి కూడా రాలేదు.

తిరుగు ప్రయాణానికి చేతిలో ఖాళీ రోజులు ఉంచుకోమన్నవారికి ప్రత్యేకంగా రుణపడి ఉన్నాం. బారాలాచా తెరిచినట్టు పోలీసుల ప్రకటన వచ్చేదాకా లేహ్‌లోనే ఆగాం. బారాలాచాకి ముందు వచ్చే సర్చూలో పొద్దున్నే బయల్దేరాలి. మధ్యాహ్నం ఎండకి మంచు కరిగి, కనుమ దాటాక వచ్చే జింగ్‌జింగ్‌బార్ వైపు వాగులు రోడ్డు మీదకి పొంగుతాయి.

టైర్ చెయిన్లు అక్కర్లేదు. మనాలి దగ్గరి రోహ్‌తాంగ్ కనుమ పర్మిట్ టెన్షన్ కూడా వద్దు, దాని కిందుగా వెళ్లే అటల్ టన్నెల్‌లోంచి వస్తే అది అవసరం లేదు. పోస్ట్‌పెయిడ్ సిమ్ మాత్రం తప్పనిసరి, మన ప్రీపెయిడ్ లడఖ్‌లో పనిచేయదు.