వేడెక్కగానే ఆగిపోతున్న రైడింగ్ మోవర్: కాయిలా, వైరా?

అందరికీ నమస్కారం. మేం ఒహాయోలో ఉంటాం. ఇంటి చుట్టూ దాదాపు ఎకరం గడ్డి. పోయినేడాది ఒకాయన దగ్గర పాత రైడింగ్ మోవర్ (కూర్చుని నడిపే గడ్డి కోసే బండి) కొన్నాను. సింగిల్ సిలిండర్, 17.5 హార్స్‌పవర్ ఇంజిన్. పొద్దున ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతుంది. పాతిక నిమిషాలు కోశాక రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. ఇక కీ ఎంత తిప్పినా ఇంజిన్ తిరుగుతుంది గానీ అంటుకోదు. ముప్పావుగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్!

ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, ఫ్యూయెల్ ఫిల్టర్ మార్చాను. పాత పెట్రోల్ తీసేసి కొత్తది పోశాను. ట్యాంకు మూతలో గాలి రంధ్రం పూడిందేమోనని మూత వదులు చేసి నడిపినా అదే వరస.

నిన్న ఆగిన వెంటనే ప్లగ్ వైరుకి స్పార్క్ టెస్టర్ తగిలించి, మా ఆవిడను సీటులో కూర్చోబెట్టి కీ తిప్పించాను. (వేలు చురుక్కుమంది, అది వేరే సంగతి.) టెస్టర్ లైటు అస్సలు వెలగలేదు. చల్లారాక చూస్తే టకటకా వెలిగింది. అంటే పెట్రోల్ తప్పు కాదని నా లెక్క.

ప్లగ్‌కి స్పార్క్ ఇచ్చే కాయిల్ వేడికి లోపల తెగుతోందా, లేక కాయిల్‌కి వచ్చే కిల్ వైరు (బాడీకి తగిలితే స్పార్క్ పోయి ఇంజిన్ ఆగే వైరు) ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోందా? ఆ వైరు ఊడదీసి నడిపితే తేలుతుందా? అప్పుడు కీతో ఇంజిన్ ఆగదు కదా, చోక్ వేసి ఆపొచ్చా? కాయిలే మార్చాల్సొస్తే దానికీ, ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రమైన ఫ్లైవీల్‌కి మధ్య సందు విజిటింగ్ కార్డు పెట్టి సరిచేస్తే చాలా? చేసినవాళ్లెవరైనా కాస్త చెప్పండి. శనివారం ఇంటికి చుట్టాలొస్తున్నారు, గడ్డి మోకాళ్ల దాకా ఉంది.