మస్ట్‌కు 95 శాతం, మైట్‌కు 30 శాతం: ఈ పట్టికను నమ్మవచ్చా?

బ్రాడీపేట అభ్యర్థి:
అందరికీ నమస్కారం. బ్యాంకు పరీక్షలకు సిద్ధమవుతున్నాను. మోడల్ వెర్బులు (అసలు క్రియకు ముందు చేరే మే, మస్ట్ లాంటి సహాయక క్రియలు) ఎంత నమ్మకాన్ని సూచిస్తాయో మా కోచింగ్ నోట్సులో శాతాల పట్టిక ఇచ్చారు: మైట్‌కు 30, ‘మే’కు 50, షుడ్‌కు 80, మస్ట్‌కు 95. ఇది సరైనదేనా? రెండోది, ‘ద లైట్స్ ఆర్ ఆఫ్, దే ___ బి ఎట్ హోమ్’ అన్న ఖాళీకి ‘కాంట్’ మాత్రమే జవాబని, ‘మస్ట్ నాట్’ తప్పని జవాబుల కీలో ఉంది, కారణం ఇవ్వలేదు. మూడోది, ‘ఆట్ టు’ కూడా ఈ కోవలోకే వస్తుందా? నాలుగోది, జరిగిపోయిన విషయాలకు వీటిని ఎలా మార్చాలి? తెలిసిన పెద్దలు దయచేసి వివరించండి.

ఏలూరు రోడ్డు ట్యూషన్:
పట్టికను చూసి కంగారు పడవద్దు బాబూ. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు మొదటి రోజే సిద్ధాంతాలు చెబితే తలకెక్కవు. మైట్ కంటే మస్ట్ గట్టిదన్న సంగతిని అంకెలతో చెబితే వెంటనే పట్టుకుంటారు. నేను ఏళ్ల తరబడి ఇలాగే చెబుతున్నాను, నా దగ్గర చదువుకున్నవారు ఈ రోజు బ్యాంకుల్లో ఉద్యోగాలు చేస్తున్నారు.

పటమట విశ్రాంత అధ్యాపకుడు:
డిగ్రీ, పీజీ విద్యార్థులకు ఆంగ్ల వ్యాకరణం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక అధికారంతోనే చెబుతున్నాను: ఆ అంకెలకు ఆధారం లేదు. నేటి వాడుకలో ‘మే’కు, మైట్‌కు మధ్య తేడా చాలా స్వల్పం. మైట్ కాస్త బలహీనమని కొందరు భావిస్తారు, చాలామంది ఆ తేడాను పాటించనే పాటించరు. అంతకంటే ముఖ్యమైనది మస్ట్ సంగతి. ఆమె ఇంట్లో కూర్చుని ఉండగా కళ్లారా చూసినవాడు ‘షి ఈజ్ ఎట్ హోమ్’ అంటాడే తప్ప ‘షి మస్ట్ బి ఎట్ హోమ్’ అనడు. గుమ్మం ముందు చెప్పులు చూసి, లోపలి టీవీ చప్పుడు విని, మనిషిని చూడకుండానే నిర్ధారణకు వచ్చినవాడు మస్ట్ వాడతాడు. ఆ నమ్మకం ఎంత గట్టిదైనా, అది చూసి తెలుసుకున్నది కాదని, ఆనవాళ్లను బట్టి కట్టిన ఊహ అని మస్ట్ చెబుతుంది. దాన్ని 95 అని రాసిపెడితే విద్యార్థికి దక్కేదేమిటి?

ఏలూరు రోడ్డు ట్యూషన్:
అయ్యా, మీరు పీజీ వారికి చెప్పారు, నేను ఇంటర్ తప్పి మళ్లీ పరీక్ష కట్టిన పిల్లలకు చెబుతున్నాను. వారి ముందు ఒక్క గంట నిలబడి చెప్పండి, ఆపైన ఆధారాల గురించి మాట్లాడుకుందాం.

అరండల్‌పేట రిపోర్టులు:
రేడియాలజిస్టు డిక్టేషన్ విని స్కానింగ్ రిపోర్టులు టైపు చేయడం నా పని. ఊపిరితిత్తిలో కనిపించిన మచ్చ గురించి డాక్టరుగారు ‘దిస్ మే రిప్రజెంట్ ఓల్డ్ ట్యూబర్‌క్యులోసిస్’ అన్నారంటే, అది పాత క్షయ తాలూకు మచ్చ కావచ్చు, మరొకటి కూడా కావచ్చు, ఇంకా పరీక్షించాలి అని అర్థం. కొత్తగా చేరిన అమ్మాయి ఆ ‘మే’ను వదిలేసి ‘దిస్ రిప్రజెంట్స్’ అని కొట్టింది. సంతకం పెట్టే ముందు డాక్టరుగారు గమనించబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ రోగికి తర్వాతి పరీక్ష జరిగేదే కాదేమో. నాట్ చేరినప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలి. ‘మే బి’, ‘కుడ్ బి’ దాదాపు ఒకేలా కనిపిస్తాయి గానీ, ‘మే నాట్ బి’ అంటే కాకపోవచ్చు, ‘కుడ్ నాట్ బి’ అంటే అయ్యే అవకాశమే లేదు. ఇంత పెద్ద తేడాను ఏ పట్టికలోనూ ఎందుకు చూపరో నాకు అర్థం కాదు.

గుణదల నుంచి టెక్సాస్:
రెండో సందేహాన్ని అందరూ దాటేశారు. ఆ కీ తప్పు. ఇక్కడ తలుపు కొట్టినా ఎవరూ పలకకపోతే ‘దే మస్ట్ నాట్ బి హోమ్’ అని అందరూ అంటారు.

పటమట విశ్రాంత అధ్యాపకుడు:
మస్ట్ నాట్ అన్నది నిషేధానికి. ఊహ చెప్పే మస్ట్‌కు వ్యతిరేక రూపం కాంట్. ఇరుగుపొరుగు మాటలు వ్యాకరణం కావు.

గుణదల నుంచి టెక్సాస్:
పుట్టినప్పటి నుంచి ఆ భాష మాట్లాడేవారి మాట వ్యాకరణం కాకపోతే, పటమటలో కూర్చుని రాసుకున్న నోట్సు వ్యాకరణమవుతుందా? అమెరికా వాడుకలో ఊహకు మస్ట్ నాట్ సర్వసాధారణం. కాకపోతే రెండు మాటలనూ విడివిడిగా పలుకుతారు. ‘మసంట్’ అని కలిపేస్తే ఎక్కువగా నిషేధంలాగే వినిపిస్తుంది. కాంట్ అంటే వాళ్లు ఇంట్లో ఉండే వీలే లేదని కొట్టిపారేయడం, మస్ట్ నాట్ అంటే దీపాలు వెలగడం లేదు కనుక లేరన్నమాట అని అనుకోవడం.

పటమట విశ్రాంత అధ్యాపకుడు:
మా ఊరిని ఎత్తిపొడవవలసిన అవసరం లేదు. ఈ అబ్బాయి పరీక్ష రాసేది టెక్సాస్‌లో కాదు, మన పరీక్షల కీలు బ్రిటిష్ పద్ధతినే అనుసరిస్తాయి. మీ మాట విని అతను మార్కు పోగొట్టుకుంటే బాధ్యత ఎవరిది?

ఏలూరు రోడ్డు ట్యూషన్:
ఈ ఒక్క విషయంలో మాస్టారితో ఏకీభవిస్తాను. పరీక్షలో కాంట్ పెట్టు బాబూ.

బెంజ్ సర్కిల్:
షుడ్‌కు 80 అన్నది మా ఆఫీసులో పెద్ద రగడకు దారితీసింది. ‘ద ఫిక్స్ షుడ్ బి లైవ్ బై సిక్స్’ అని నేను క్లయింటుకు రాస్తే, అది హామీ కిందే లెక్క అని మా మేనేజరు ఏడు గంటలకు నన్ను అందరి ముందు నిలదీశారు. అన్నీ సవ్యంగా సాగితే ఆరింటికల్లా పూర్తవుతుందని మాత్రమే దాని అర్థం, సవ్యంగా సాగకపోవడానికి కూడా అందులో చోటుంది. హామీ ఇవ్వాలనుకుంటే విల్ అని రాసేవాణ్ణి. ఇంకో మాట: షుడ్ మనం కోరుకునే ఫలితాలకే నప్పుతుంది. ‘ద సర్వర్ షుడ్ క్రాష్ టునైట్’ అని రాస్తే సర్వర్ పడిపోవాలని మనమే ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. అక్కడ మే గానీ మైట్ గానీ వాడాలి.

కృష్ణాతీరం:
నాలుగో సందేహం గురించి చెబుతాను. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది, కొట్టుకొచ్చిన పడవలు ఢీకొని గేట్ల కౌంటర్‌వెయిట్లు (గేట్ల బరువుకు సరితూగేలా అమర్చిన దిమ్మెలు) దెబ్బతిన్నాయి. ఇంజినీర్లు ఇంకా పరిశీలించనప్పుడు ‘ద గేట్స్ మే హావ్ బీన్ డ్యామేజ్డ్’ అనాలి, ఎందుకంటే ఏమైందో అప్పటికి తెలియదు. విరిగిన దిమ్మెను చూసినవారు ‘ఎ బోట్ మస్ట్ హావ్ హిట్ ఇట్’ అంటారు. అంతా తేలిపోయాక, గేటు నిలిచింది గానీ ముప్పు తృటిలో తప్పిందని చెప్పడానికి ‘ద గేట్ మైట్ హావ్ బ్రోకెన్’ సరిపోతుంది. అక్కడ మే హావ్ రాస్తే, గేటు ఉందో విరిగిందో ఇంకా తెలియలేదని చదివినవారు అనుకుంటారు. మే, మైట్ ఒకటేనన్న మాస్టారు ఈ చోటు కూడా చూడాలి.

పటమట విశ్రాంత అధ్యాపకుడు:
నేను చెప్పింది వర్తమానం గురించి. తప్పిపోయిన ముప్పును చెప్పడానికి మైట్ హావ్, కుడ్ హావ్ రెండూ చెల్లుతాయి.

ఏలూరు రోడ్డు ట్యూషన్:
పట్టికను నేను తీసివేయను, అయితే అరండల్‌పేటవారు చెప్పిన నాట్ రూపాలకు అందులో ఒక వరుస చేరుస్తాను. పిల్లలు మార్కులు ఎక్కువగా పోగొట్టుకునే కెన్‌ను మాత్రం ఇక్కడ ఎవరూ ముట్టుకోలేదు. ‘ఇట్ కెన్ బి వెరీ హాట్ ఇన్ విజయవాడ ఇన్ మే’ సరైన వాక్యం, అది ఏటా అనుభవంలో ఉన్న సంగతి. ‘ఇట్ కెన్ రెయిన్ దిస్ ఈవినింగ్’ తప్పు, ఫలానా సాయంత్రం గురించి చెప్పేటప్పుడు మే, మైట్, కుడ్ వాడాలి. ప్రశ్నలో మే కూడా కుదరదు. ‘మే ఇట్ రెయిన్?’ అని అడగరు, ‘ఈజ్ ఇట్ లైక్లీ టు రెయిన్?’ అని అడుగుతారు.